ఆపితే పేలిన దీపం

కార్తీకమాసం, రాత్రి తొమ్మిదయింది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకి నాలుగు వీధుల ఇవతల ఒక పాత మేడ. గుళ్లో దీపాలు పెట్టి వచ్చిన కోడలు వీధి తలుపు గడియ వేసి, మెట్ల మొదట్లో ఉన్న స్విచ్ వేసింది. మలుపులో బల్బు వెలిగింది. ఒక చేతిలో పళ్లెం, చంకలో పిల్లాడు. నెమ్మదిగా పైకెక్కి, వసారా గోడకున్న రెండో స్విచ్‌ని మోచేత్తో తోసింది. ఆరిపోవాల్సిన దీపం టప్‌మని పేలింది. కాలిన ప్లాస్టిక్ వాసన మెట్లంతా నిండిపోయింది. పిల్లాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు.

బల్బులు పోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. స్విచ్ వేయగానే పోతాయి, వెలుగుతూ వెలుగుతూ పోతాయి. ఆపబోతే పేలిన బల్బు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఇంట్లోవాళ్లూ, పని చేసిన కరెంటు మేస్త్రీ చెప్పినదాన్ని బట్టి, నేను వెళ్లి కళ్లారా చూసినదాన్ని బట్టి ఈ కథ రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి 1959లో ఏర్పడింది. అది జరిగిన కొన్నేళ్లకు ఈ మేడకు కరెంటు వచ్చింది. గోడల వెంట టేకు రీపర్లు బిగించి, వాటి మీద రబ్బరు తొడుగు వైర్లు పరిచి, రేకు క్లిప్పులతో నొక్కిపెట్టిన వైరింగ్ అది. గుండ్రటి చెక్క దిమ్మలు, వాటి మీద నల్లటి బేకలైట్ స్విచ్చులు, మెయిన్ దగ్గర పింగాణీ ఫ్యూజులు. క్లిప్పులన్నీ కొలిచి కొట్టినట్టు సమానమైన ఎడంలో ఉంటాయి. మలుపుల దగ్గర వైరు ఎక్కడా నలగకుండా తిప్పారు. ఏటేటా వేసిన సున్నం పొరల కింద నుంచి కూడా ఆ పనితనం తెలుస్తూనే ఉంది.

కింద వాటాలో అన్నగారి కుటుంబం, పై వాటాలో తమ్ముడిది. రెండు వాటాలకీ చాలా కాలం ఒకటే మీటరు. అన్నగారు పోయాక, ఇంటి పన్ను కాగితాలు ఎవరివి వారు చేయించుకున్నప్పుడు, పై వాటాకి వేరే సర్వీసు పెట్టించుకున్నారు. స్తంభం మీద నుంచి కొత్త తీగ వచ్చింది, పైన కొత్త మీటరు, కొత్త ఎం.సి.బి. పెట్టె బిగించారు. పై గదుల లైన్లను పాత మెయిన్ నుంచి విడదీసి కొత్త మెయిన్‌లో కలిపారు. ఆ పని సాయంత్రానికల్లా అయిపోయింది. అందరి ఫ్యాన్లూ తిరిగాయి, అందరి దీపాలూ వెలిగాయి. మెట్ల దీపం మాట ఎవరికీ గుర్తు రాలేదు. అది ఎవరి వాటాలోనిదో కాగితాల్లోనూ లేదు.

మొదటి బల్బు పేలిన మర్నాడు దుకాణంవాడు గ్యారంటీ కింద ఇంకోటి ఇచ్చాడు. అది రెండు రోజులు బాగానే వెలిగింది, ఆరింది. మూడో రోజు మళ్లీ పేలింది. ఎల్‌ఇడి బల్బుల్లో సరుకు బాగోలేదేమోనని పై వాటా పెద్దాయన, అంటే తమ్ముడు, పాత అరవై వాట్ల ఫిలమెంటు బల్బు వెతికి తగిలించారు. ఆ రాత్రి ఆయనే స్విచ్ తోశారు. బల్బు ఆరకపోగా, కళ్లు చిట్లించుకునేలా తెల్లగా మండి, లోపలి తీగ తెగిపోయింది. గాజు మీద నల్లటి మసి మిగిలింది.

వచ్చిన కుర్ర ఎలక్ట్రీషియన్ రెండు స్విచ్చులూ విప్పి, ఏ వైరు ఎక్కడుందో అక్కడే కొత్త స్విచ్చులకి బిగించి వెళ్లాడు. వారం తిరక్కుండా ఇంకో బల్బు పోయింది. రెండోసారి వచ్చినప్పుడు హోల్డర్‌లో టెస్టర్ పెట్టాడు. ఒక పిన్నులో వెలిగింది, రెండో దాంట్లోనూ వెలిగింది. న్యూట్రల్ పోయిందని తేల్చి, వైరింగ్ మొత్తం పీకేయాలన్నాడు.

ఇక్కడ ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. ఒక దీపానికి వచ్చే రెండు వైర్లలోనూ టెస్టర్ వెలిగితే, న్యూట్రల్ ఎక్కడో తెగిందని అనుకోవడం సర్వసాధారణం. చాలా ఇళ్లలో అదే నిజమవుతుంది కూడా. కానీ టెస్టర్ చెప్పేది చాలా తక్కువ. అది ముట్టుకున్న చోట కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది. ఆ కరెంటు ఏ ఫేజ్‌దో, రెండు పిన్నుల్లో ఉన్నది ఒకటేనో కాదో దానికి తెలియదు. పాత వైరింగ్‌ని టెస్టర్ ఒక్కదానితో తేల్చబోతే ఇలాగే అవుతుంది.

ఈ గొడవంతా జరుగుతున్నన్నాళ్లూ కింద వాటా పెద్దావిడ ఒక్క మాట మాట్లాడలేదు. అన్నగారి భార్య, పై ఆయనకి వదిన. ఆవిడ మెట్ల దీపం స్విచ్ ముట్టుకోగా ఇంట్లో పిల్లలెవరూ చూడలేదు. రాత్రి పైకి వెళ్లాల్సి వస్తే టార్చి తీసుకునేది. పెద్దత్తయ్యగారికి కరెంటంటే భయమని పై వాటా కోడలు అనుకునేది. మిక్సీ, గ్రైండరు, నీళ్ల మోటారు అన్నీ ఆవిడే వేస్తుందని ఎవరూ గమనించలేదు.

ఆ స్విచ్ ముట్టుకోకపోవడానికో కారణం ఉంది. నలభై ఏళ్లు దాటిన సంగతి. ఆవిడ కాపురానికొచ్చిన రెండో సంక్రాంతి. మరిది అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. చుట్టాలొస్తారు, మెట్ల మీద వెలుతురు చాలదని నలభై వాట్ల బల్బు తీసి వంద వాట్లది పెట్టమన్నారు మామగారు. మరిది చెక్క నిచ్చెన వేసుకున్నాడు. “వదినా, స్విచ్ ఆపు” అన్నాడు. ఆవిడ కింది స్విచ్ నొక్కింది. వెలుగుతున్న బల్బు ఆరిపోయింది. వేడి తగ్గేదాకా ఆగి, గుడ్డతో పట్టుకుని బల్బు తీశాడు. ఎడం చేత్తో ఇనుప రెయిలింగు పట్టుకుని, కొత్త బల్బు తగిలించబోతుంటే కుడిచేతి వేలు హోల్డర్‌లోకి జారింది. షాక్ కొట్టింది. నిచ్చెన మీద నుంచి మెట్ల మీద పడ్డాడు. మణికట్టు విరిగింది, నుదుట కుట్లు పడ్డాయి.

రెయిలింగు పట్టు వదిలిపోవడమే ఆ రోజు అతన్ని కాపాడింది. ఒక చేతిలోంచి రెండో చేతిలోకి వెళ్లే కరెంటు గుండె మీదుగా పోతుంది. పట్టు బిగుసుకుపోయి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

“స్విచ్ ఆపమంటే వేసిందా?” అన్నారు మామగారు. “ఆపానండి, దీపం ఆరిపోయింది కూడా” అంది ఆవిడ. ఆరిపోయిన దీపంలో కరెంటెలా వస్తుందని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. పొరపాటున మళ్లీ చెయ్యి తగిలించి ఉంటుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. గట్టిగా దెప్పిన వాళ్లు లేరు. ఆ మాట మళ్లీ ఎత్తిన వాళ్లూ లేరు. చిన్నపిల్ల, తెలియక చేసిందని క్షమించేశారు. చెయ్యని తప్పుకి దొరికిన క్షమ ఎంత బరువో ఆవిడతో మాట్లాడాకే నాకు తెలిసింది.

వైరింగ్ పీకేయడానికి ఎంతవుతుందో లెక్క కట్టించుకునే ముందు ఇంకొకరికి చూపిద్దామని, పై ఆయన కొడుకు ఊళ్లో పాత ఇళ్లలో పనిచేసే మేస్త్రిని పిలిపించాడు. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, యాభై దాటిన మనిషి. వెంట ఒక కుర్రాడు, సంచిలో మల్టీమీటరు, చుట్టచుట్టిన పొడుగాటి వైరు, పెన్సిలు.

వచ్చీరాగానే ఏదీ విప్పలేదు. “ఎప్పుడు పేలింది? ఎవరు, ఎక్కడి స్విచ్ ముట్టుకున్నప్పుడు?” అని ఒక్కొక్కర్నీ అడిగాడు. కోడలు పై స్విచ్ అంది. పెద్దాయన కూడా పై స్విచ్ అన్నారు. మనవడు మాత్రం కింది స్విచ్ నొక్కితే పేలిందన్నాడు. “పేలక ముందు దీపం వెలుగుతోందా, ఆరి ఉందా?” అందరూ వెలుగుతోందనే చెప్పారు. “ఆపబోతే పేలింది. ప్రతిసారీ పేల్లేదు. అంతేనాండి?” అంతే. “కొత్త మీటరు ఎప్పుడెట్టారండి?” దసరా వెళ్లాక. మొదటి బల్బు పేలింది ఆ తర్వాత వారానికి.

మలుపులో పొడి చెక్క స్టూలు వేయించి, కాళ్లకి రబ్బరు చెప్పులతో ఎక్కాడు. హోల్డర్‌లో బల్బు లేదు. మీటరుని ఏ.సి. వోల్టుల్లో పెద్ద రేంజికి తిప్పాడు. కుర్రాణ్ణి కింది స్విచ్ దగ్గర, కోడల్ని పై స్విచ్ దగ్గర నిలబెట్టాడు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తోనే రెండు పుల్లలూ పట్టి పిన్నులకి ఆనించాడు. పాతకాలపు పనివాళ్ల అలవాటు అది. రెండో చెయ్యి ఏ ఇనుమునీ తాకకూడదని.

రెండు స్విచ్చులూ కిందకి ఉన్నప్పుడు మీటరు సున్నా చూపించింది. కింది స్విచ్ ఒక్కటే పైకి తోస్తే 232. దాన్ని దించి పైదాన్ని ఎత్తితే 229. ఈ మూడూ గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు. “ఇప్పుడు రెండూ పైకి” అన్నాడు. మీటరు మీద 401 వచ్చింది. పుల్లలు తీసి, మళ్లీ పెట్టి చూశాడు. 401. ఆ అంకె రాయలేదు. స్టూలు దిగి, “రెండు మెయిన్లూ ఆపండమ్మా. పైదీ, కిందదీ” అన్నాడు. తనే వెళ్లి కింది ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. పై పెట్టె దగ్గర కుర్రాణ్ణి కాపలా పెట్టి, హోల్డర్‌లో మీటరు పెట్టి చచ్చిందని తేల్చుకున్నాకే స్క్రూడ్రైవరు తీశాడు.

ఇళ్లకి వచ్చే కరెంటు 230 వోల్టులు. వీధి స్తంభం మీద మూడు ఫేజులూ ఒక న్యూట్రలూ ఉంటాయి. ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంటే, ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య సుమారు 400 ఉంటుంది. లోడు సమంగా పంచడానికి లైన్‌మన్‌లు ఒక ఇంటిని ఒక ఫేజు మీద, పక్కింటిని మరో ఫేజు మీద కలుపుతారు. అది సరైన పద్ధతే. ఈ ఇంట్లో కింది మీటరు ఒక ఫేజు మీద, పై కొత్త మీటరు ఇంకో ఫేజు మీద పడ్డాయి. అందులోనూ దోషం లేదు. ఒక ఫేజు వైరూ మరో ఫేజు వైరూ ఒకే బల్బు దగ్గర ఎందుకు కలుసుకున్నాయన్నదే ప్రశ్న.

రెండు చోట్ల నుంచి ఒక దీపాన్ని వేసి ఆపడానికి టూ-వే స్విచ్చులు వాడతాం. మామూలు స్విచ్‌కి రెండు టెర్మినళ్లు, దీనికి మూడు. వాటిలో ఒకటి కామన్. ఏటికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రెండు వంతెనలు ఉన్నాయనుకోండి. ఏ వంతెన తెరవాలో ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు చెబుతారు. ఇద్దరూ ఒకే వంతెన తెరిస్తే దారి దొరుకుతుంది, చెరోటి తెరిస్తే దారి తెగుతుంది. స్టెయిర్‌కేస్ వైరింగ్ అంటే ఇదే. ఫేజు మొదటి స్విచ్ కామన్‌లోకి వస్తుంది. అక్కణ్ణుంచి రెండు వైర్లు రెండో స్విచ్‌కి వెళతాయి. రెండో స్విచ్ కామన్ నుంచి ఒక వైరు దీపానికి వస్తుంది. న్యూట్రల్ ఏ స్విచ్‌లోకీ పోకుండా నేరుగా దీపానికే వస్తుంది. దీపం ఎప్పుడు ఆరినా ఫేజు తెగే ఆరుతుంది.   

మేస్త్రి కింది స్విచ్ దిమ్మ విప్పాడు. ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు, కామన్‌లో ఇంకో ఎర్ర వైరు. “స్విచ్‌లో నల్లోడికి ఏం పనండి?” అన్నాడు. రంగుని బట్టి తీర్పు చెప్పలేదు. పాత జంట వైర్లలో ఎరుపూ నలుపూ కలిసే వస్తాయి, రెండో వైరు కావాల్సినప్పుడు నల్లదాన్నే వాడేసిన వాళ్లూ ఉన్నారు. అందుకని తెచ్చుకున్న పొడుగాటి వైరు ఒక కొస కింది మెయిన్‌లోని న్యూట్రల్ లింకుకి కట్టి, రెండో కొస స్విచ్ దగ్గరికి లాక్కొచ్చి, కంటిన్యుటీ చూశాడు. మీటరు కుయ్యిమంది. స్విచ్‌లోని నల్ల వైరు అచ్చమైన న్యూట్రలే. పై స్విచ్‌లోనూ అంతే. అక్కడి ఎర్ర వైరు పై వాటా ఫేజు, నల్లది పై వాటా న్యూట్రల్.

నాకు బాగా నచ్చినది ఆ తర్వాత అతను చేసిన పని. ఎలక్ట్రీషియన్ అవసరం లేకుండా మనం కూడా చూసి తెలుసుకోగల సంగతి అది. పెన్సిల్ కొసతో రీపరు మీద సున్నం గీకాడు. కింది స్విచ్ నుంచి మలుపు దాకా రీపరు మీద ఉన్నది ఒకే ఒక్క వైరు. పై స్విచ్ నుంచి మలుపు దాకా కూడా ఒక్కటే. “రెండు స్విచ్చుల మధ్య రెండు వైర్లు నడవాలండి. నడవకుండా టూ-వే ఎట్టా పనిచేస్తాది?” అన్నాడు.

ఎలా పనిచేసిందంటే, ఈ ఇంట్లో ప్రతి స్విచ్‌కీ ఒక పక్క ఫేజు, ఒక పక్క న్యూట్రల్ ఇచ్చారు. కామన్ నుంచి ఒక్కో వైరు మాత్రం దీపానికి తెచ్చారు. ఒక స్విచ్ ఫేజు మీద, రెండోది న్యూట్రల్ మీద ఉంటే దీపం వెలుగుతుంది. రెండూ న్యూట్రల్ మీద ఉంటే ఆరుతుంది. రెండూ ఫేజు మీద ఉన్నా ఆరుతుంది, అది ఒకే ఫేజు అయితే. ప్రతి గదికీ ఫేజూ న్యూట్రలూ ఎలాగూ వచ్చి ఉంటాయి కాబట్టి మెట్ల పొడుగునా లాగాల్సిన వైరు ఆదా అవుతుంది. ఇది ఈ ఇంటికి వైరింగ్ చేసిన పాత మేస్త్రి కనిపెట్టిన చిట్కా కాదు. అమెరికాలో దీన్ని కార్టర్ సిస్టమ్ అనేవారు. ప్రమాదమని 1923లోనే అక్కడి కోడ్ నిషేధించింది. మన దేశంలో 1956 నాటి భారత విద్యుత్ నియమాలు కూడా న్యూట్రల్ మీద విడి స్విచ్ పెట్టకూడదన్నాయి. పెట్టాలంటే ఫేజునీ న్యూట్రల్‌నీ ఒకేసారి తెంపే జోడు స్విచ్ పెట్టాలి. ఈ ఇంటికి వైరింగ్ జరిగే నాటికే ఆ నియమం ఉంది.

క్లిప్పు క్లిప్పుకీ అంత శ్రద్ధ పెట్టిన మనిషి ఈ ఒక్క చోట వైరు మిగుల్చుకున్నాడు. వైరు ఖరీదైన రోజులు కాబట్టి ఇంటివాళ్లే మిగల్చమన్నారో ఏమో. దీపం వెలిగింది, ఆరింది. పని సరిగ్గా ఉందనడానికి మనం చూసేది అంతవరకే. ఇన్నేళ్లూ ఈ తప్పు దాగింది అందుకే. కొత్త ఫేజు వచ్చి నాలుగో వరసని, అంటే రెండు స్విచ్చులూ పైకి ఉన్నదాన్ని, 400 వోల్టులు చేసేదాకా అది బయటపడలేదు.

మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని ఇదంతా వింటున్న పెద్దావిడ అప్పుడు నోరు విప్పింది.

“మేస్త్రీ, ఒక మాట. ఇదివరకు రెండు వాటాలకీ ఒకే మీటరు. అప్పుడు ఈ రెండు స్విచ్చులూ పైకి ఉంటే ఏమయ్యేది?”

“దీపం ఆరిపోయేదండి.”

“ఆరిపోయాక బల్బు తీసి, లోపల చెయ్యి తగిలితే?”

“కొడతాదండి. ఎటు పిన్ను ముట్టుకున్నా కొడతాది. రెండిట్లోనూ లైనే కదండీ. రెండు పక్కలా సమానంగా ఉంటే బల్బుకి తెలీదు గానీ, మనిషికి తెలుస్తాది.”

ఆవిడ లేచి నిలబడింది. “చూపించు” అంది.

మేస్త్రి మళ్లీ రెండు మెయిన్లూ వేయించాడు. స్విచ్చులు రెండూ పైకి తోయించి, మీటరు పుల్ల ఒకటి న్యూట్రల్‌కి తగిలించి, రెండోది హోల్డర్‌లో ఒక పిన్నుకి పెట్టాడు. 230కి అటూ ఇటూగా చూపించింది. రెండో పిన్నుకి మార్చాడు. అదీ అంతే. ఆవిడ “ఇంకోసారి” అంది. ఇంకోసారి చూపించాడు. అడిగినన్ని సార్లూ ఓపిగ్గా చూపించాడు. ఎందుకడుగుతోందో అతనికి అప్పటికి తెలియదు.

తెలిసిన మనిషి రెయిలింగు దగ్గర నిలబడి ఉన్నాడు. “నువ్వు ఆపావు వదినా” అన్నాడు మరిది. “దీపం ఆరడం నేనూ చూశాను. చూసే ఎక్కాను. అయినా, ఎక్కాక నువ్వే మళ్లీ వేశావనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నాను చిన్నబాబూ. నాకు తెలీకుండా చెయ్యి తగిలిందేమో, నీ ప్రాణం మీదకి తెచ్చానేమో అని. ఆపానని చెబుతూనే ఉన్నాను గానీ, చెప్పగా చెప్పగా నా మాట మీద నాకే నమ్మకం పోయింది.”

ఆయన మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఆ చేత్తోనే వదిన చెయ్యి పట్టుకున్నారు. “నాన్న ఉండి వినాల్సింది” అన్నారు. “మీ అన్నయ్య విన్నా చాలును” అంది ఆవిడ.

మరమ్మతు ఒక్క పూటలో అయింది. దీపానికి వచ్చే ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకే మీటరు నుంచి రావాలన్నాడు మేస్త్రి. ఎవరి మీటరు అన్న ప్రశ్న వచ్చింది. తొమ్మిది వాట్ల బల్బు రోజుకి అయిదు గంటలు వెలిగినా నెలకి ఒకటిన్నర యూనిట్లు దాటదు. “నా మీటరే” అంది పెద్దావిడ, ఇంకెవరినీ మాట్లాడనివ్వకుండా. కొత్త పి.వి.సి. పైపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు లాగారు. కింది ఫేజు కింది స్విచ్ కామన్‌లోకి, రెండు వైర్లు పై స్విచ్‌కి, అక్కడి కామన్ నుంచి దీపానికి. న్యూట్రల్ కింది మెయిన్ నుంచి నేరుగా హోల్డర్‌కి. పై వాటా వైర్లు రెంటినీ స్విచ్ దగ్గర తెంపి వదిలేయలేదు. పై పెట్టెలో వాటి మొదలు దగ్గరే విడదీసి, కొసలు మూసేశాడు. తెంపిన చోట వదిలేసిన వైరులో ప్రాణం ఉంటుంది. ఎప్పుడో గోడకి మేకు కొట్టినవాడికి అది తెలుస్తుంది.

కింది పింగాణీ ఫ్యూజుల ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించాడు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని అది కాపు కాస్తుంది. మధ్యలో ఎవరి ఒంట్లోంచైనా నేలలోకి జారితే, ఆ తేడాని పట్టి కళ్లు మూసి తెరిచేలోగా కట్టేస్తుంది. వాటాలు పంచుకున్న పాత ఇళ్లలో ఆర్.సి.సి.బి. పెట్టగానే మెట్ల దీపం వేసినప్పుడల్లా ట్రిప్ అవుతోందని చాలామంది విసుక్కుంటారు, దాన్ని తీయించేస్తారు కూడా. దయచేసి తీయించకండి. ఆ దీపానికి ఫేజు ఒక మీటరు నుంచి, న్యూట్రల్ ఇంకో మీటరు నుంచి వస్తోందేమో చూపించుకోండి. తొమ్మిది వాట్ల బల్బే 40 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. అది వెళ్లిన దారిన తిరిగి రాకపోతే ఆ పెట్టె ఊరుకోదు. అది సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క.

ఇంకో సంగతి. టూ-వే స్విచ్‌కి ఆన్, ఆఫ్ అని గుర్తులుండవు. పైకి ఉంటే ఆఫ్ అనో, కిందకి ఉంటే ఆన్ అనో చెప్పడానికి లేదు, అవతలి స్విచ్‌ని బట్టి మారిపోతుంది. మాడిపోయిన బల్బు మార్చేటప్పుడు దీపం ఆరిందో లేదో చూసే వీలు కూడా ఉండదు. కాబట్టి రెండు స్విచ్చుల దీపం దగ్గర బల్బు మార్చాలంటే మెయిన్ ఆపాలి. ఇంట్లో రెండు మీటర్లుంటే రెండు మెయిన్లూ ఆపాలి. ఆపాక కూడా చూసుకునే ముట్టుకోవాలి. పాత వైరింగ్ విప్పి చూడటం మాత్రం లైసెన్సున్న మనిషి పని.

మేస్త్రి చివర్లో నాలుగు వరసలూ మళ్లీ వేయించి చూశాడు. వెలిగినప్పుడు 230. ఆరిన రెండు వరసల్లోనూ పిన్నుల మధ్యే కాదు, ఒక్కో పిన్నుకీ ఎర్త్‌కీ మధ్య కూడా ఏమీ లేదు. బల్బు తగిలించి, పెద్దావిణ్ణి పిలిచాడు. ఆవిడ కింది స్విచ్ తనే వేసింది. మెట్లెక్కి వెళ్లి పైది తనే ఆపింది.

అతను సంచి సర్దుకుంటుంటే పక్కింటాయన చూడటానికి వచ్చాడు. వాళ్లదీ ఆ కాలపు మేడే, కింద అద్దెకిచ్చి పైన ఉంటారు. పై వాటాకి నిరుడే వేరే మీటరు పెట్టించారు. మేస్త్రి కుర్రాణ్ణి సంచి తెమ్మని, ఆయన వెంట వెళ్లాడు. నేనూ వెళ్లాను. మెట్ల గోడ మీద అవే టేకు రీపర్లు, అదే ఎడంతో అవే రేకు క్లిప్పులు. మేస్త్రి స్విచ్ ముట్టుకోలేదు. మలుపు దగ్గర ఆగి, పెన్సిల్ కొసతో సున్నం గీకాడు. ఒక్కటే వైరు కనిపించింది. అవతలి పక్కకి వెళ్లి గీకాడు. అక్కడా ఒక్కటే.

“మీ మెయిన్లు రెండూ ఎక్కడున్నాయండి?” అని అడిగాడు.